తరంగం ప్రజలది, తాళం వర్సిటీది

హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే రహదారి వెంట, ఒకదానికొకటి దాదాపు వంద కిలోమీటర్ల ఎడంలో రెండు చిన్న రేడియో స్టేషన్లున్నాయి. ఒకటి గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణం నుంచి వినిపించే ‘బోల్ హైదరాబాద్’. రెండోది జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళల సంఘాలు నడిపే ‘సంఘం రేడియో’. రెండూ 90.4 మెగాహెర్ట్జ్ మీదే మాట్లాడతాయి. అయినా ఒకదాని మాట మరొకదానికి అడ్డురాదు.

ఎందుకు అడ్డురాదో తెలిస్తే, విశ్వవిద్యాలయాల చేతిలో ఉన్న రేడియో లైసెన్సును ఎలా చూడాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. మన దేశంలో సామాజిక రేడియోకు అనుమతించే ట్రాన్స్‌మిటర్ శక్తి 50 వాట్లు. అరవై వాట్ల పాత బల్బు తాగే కరెంటు కంటే తక్కువ. యాంటెన్నా ఎత్తు నేల నుంచి 30 మీటర్లు దాటకూడదు. 90.4 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 3.3 మీటర్లు. ఇంత పొట్టి తరంగాలు మీడియం వేవ్ మాదిరిగా నేల వంపును అంటిపెట్టుకుని దూరం పోలేవు. కంటిచూపులా దాదాపు తిన్నగా సాగుతాయి. గుట్టో, అపార్ట్‌మెంట్ల వరసో అడ్డొస్తే నీరసిస్తాయి. మామూలుగా పది పదిహేను కిలోమీటర్లు దాటితే మాట స్పష్టంగా అందడం కష్టం.

ఎఫ్ఎంకు మరో గుణం కూడా ఉంది. ఒకే పౌనఃపున్యం మీద రెండు సంకేతాలు వచ్చినప్పుడు రిసీవర్ వాటిలో బలమైనదాన్ని పట్టుకుని, రెండోదాన్ని దాదాపు పూర్తిగా వదిలేస్తుంది. మీడియం వేవ్‌లో రాత్రిపూట రెండు స్టేషన్లు ఈలతో సహా కలగాపులగంగా వినిపిస్తాయే, ఇక్కడ అలా జరగదు. గెలిచిన గొంతు ఒక్కటే వినిపిస్తుంది, ఓడిన గొంతు ఉన్నట్టే తెలియదు.

భౌతికశాస్త్రం చెప్పే ఈ సంగతికి పాలనాపరమైన అర్థం ఒకటుంది. ఒక చోట ఒక పౌనఃపున్యాన్ని ఒక సంస్థకు ఇచ్చామంటే, ఆ పరిధిలోని మిగతా అందరికీ అది లేదని చెప్పినట్టే. విశ్వవిద్యాలయం తన డబ్బుతో స్టూడియో కట్టుకోవచ్చు, మైకులు కొనుక్కోవచ్చు. పౌనఃపున్యం మాత్రం కొన్నది కాదు. చుట్టుపక్కల ఊళ్లు, బస్తీలు, కాలనీల తరఫున అట్టిపెట్టుకున్నది.

మన సర్వోన్నత న్యాయస్థానం 1995 ఫిబ్రవరిలోనే ఈ మాట చెప్పింది. క్రికెట్ ప్రసార హక్కుల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర సమాచార, ప్రసార శాఖకూ నడిచిన వివాదంలో, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో ఉన్న తెలుగువారు జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి తన ప్రత్యేక తీర్పులో, ఈ ఆస్తి మీద అజమాయిషీ ప్రభుత్వానికి భిన్నమైన ప్రజా సంస్థ చేతిలో ఉండాలని అన్నారు. అలాగని ప్రైవేటు వ్యక్తుల గుత్తాధిపత్యమూ కుదరదన్నారు. క్రికెట్ మ్యాచ్ మీద మొదలైన గొడవ పల్లెటూరి రేడియోకు పునాది వేసిందంటే వింతే.

పునాది పడ్డాక ఇల్లు మాత్రం వేరేవాళ్లకు దక్కింది. 2000 జూలైలో జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్‌లో జరిగిన సమావేశం సామాజిక రేడియోను ప్రజలకు ఇవ్వాలని ప్రకటన చేసింది. మాచునూరు మహిళలు అప్పటికే స్టూడియోలో కార్యక్రమాలు రికార్డు చేస్తున్నారు. ప్రసారానికి అనుమతి లేదు కాబట్టి క్యాసెట్లు పట్టుకెళ్లి ఊళ్లలో వినిపించేవారు. 2002 డిసెంబరులో కేంద్రం తలుపు తెరిచింది. కానీ తెరిచింది పేరున్న విద్యాసంస్థలకు మాత్రమే. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం 2004 ఫిబ్రవరి 1న దేశంలో తొలి క్యాంపస్ సామాజిక రేడియోగా గాలిలోకి వచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు అవకాశం దక్కింది 2006 నవంబరు విధానంతో. సంఘం రేడియో 2008 అక్టోబరులో గానీ మొదలు కాలేదు.

విశ్వవిద్యాలయాలకు ముందు ఎందుకిచ్చారు? వాళ్ల మీద నమ్మకం ఉంది కాబట్టి. చదువుకున్నవాళ్లు, ప్రభుత్వానికి తెలిసినవాళ్లు, అదుపు తప్పరు. ఇందులో పల్లెల మీద అపనమ్మకం ఎంత దాగుందో వేరే చెప్పక్కర్లేదు. 2024 ఆరంభానికి దేశంలో సామాజిక రేడియో స్టేషన్లు ఐదు వందలకు చేరువయ్యాయి. వాటిలో సగానికి పైగా విద్యాసంస్థల చేతుల్లోనే ఉన్నాయి. సామాజిక రేడియో ఎలా నడవాలన్న చర్చ అందుకే ఎక్కువ భాగం వర్సిటీల చర్చే అవుతుంది.

ఆపమని చెప్పగలిగేది ఎవరు?

లైసెన్సు పత్రాల మీద సంతకం పెట్టేది రిజిస్ట్రారో మరో అధికారో. జీతాలిచ్చేది వర్సిటీ. కరెంటు బిల్లు, గది, నెట్ అన్నీ దానివే. రోజూ కార్యక్రమాలు చేసేది మాత్రం ఒకరిద్దరు ఉద్యోగులు, జర్నలిజం విద్యార్థులు, బయటి నుంచి వచ్చే కొందరు స్థానికులు. ఈ ఇద్దరి మధ్య గీత ఎక్కడుందో చాలాచోట్ల కాగితం మీద రాసి ఉండదు. మంచి వీసీ, మంచి స్టేషన్ డైరెక్టర్ ఉన్నంతకాలం అది రాసి లేదన్న సంగతే ఎవరికీ గుర్తుకు రాదు.

అమెరికాలో పబ్లిక్ రేడియో స్టేషన్లకు చాలావరకు విశ్వవిద్యాలయాలే లైసెన్సుదారులు. అక్కడి అనుభవం మనకంటే దశాబ్దాలు పెద్దది, దెబ్బలూ ఎక్కువే. 2017 మార్చిలో టెన్నెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో జరిగింది చూడండి. అక్కడి విశ్వవిద్యాలయం స్టేషన్‌లో పనిచేసే ఒక విలేకరి, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు ఏ మరుగుదొడ్డి వాడాలన్న బిల్లు మీద కథనం చేశారు. తాను విలేకరినని నోటితో చెప్పకుండా తమ మాటలు రికార్డు చేశారని శాసనసభ్యులు ఫిర్యాదు చేశారు. విశ్వవిద్యాలయం ఆమెను ఉద్యోగం నుంచి తీసేసింది, కథనాన్ని వెబ్‌సైట్ నుంచి తొలగించింది. ఇది పాత్రికేయ నియమాల ఉల్లంఘన, నిధుల బెదిరింపులతో సంబంధం లేదు అని వాదించింది.

విలేకరిది తప్పా ఒప్పా అన్నది కాసేపు పక్కన పెట్టవచ్చు. జాతీయ స్థాయి పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ అప్పుడు లేవనెత్తిన అభ్యంతరమే అసలు విషయం. పాత్రికేయ నియమం తప్పితే ఏం చేయాలో తేల్చాల్సింది వార్తా విభాగం బాధ్యులు, వర్సిటీ అధికారులు కాదని ఆ సంస్థ అంది. నిర్ణయం సరైనదే అయినా, తీసుకున్నవాళ్లు సరైనవాళ్లు కాకపోతే శ్రోత దృష్టిలో ఆ స్టేషన్ అధికారుల నోరుగా మారిపోతుంది. శాసనసభ్యుడి ఫోను వచ్చాక తీసుకున్న నిర్ణయాన్ని ఎవరూ స్వతంత్ర నిర్ణయమని నమ్మరు.

మన దగ్గర ఇలాంటిది జరగదు, ఎందుకంటే మన సామాజిక రేడియోలకు సొంతంగా వార్తలు చెప్పే హక్కే లేదు. ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు, లేదా స్థానిక భాషలోకి మార్చి వినిపించవచ్చు, అంతే. పేపరు పెట్టుకోవచ్చు, టీవీ చానల్ పెట్టుకోవచ్చు, యాభై వాట్ల రేడియోలో మాత్రం ఊరి వార్త చెప్పకూడదు అనే ఈ నిషేధానికి హేతువు కనిపించదు. దాన్ని ఎత్తేయాలి. అయితే ఆ నిషేధం వర్సిటీలకు అనుకున్న దానికంటే ఎక్కువ సౌకర్యంగా ఉందన్నది కూడా నిజం. ఇబ్బందికరమైన ఏ సంగతైనా ‘అది వార్త అవుతుంది, మనకు అనుమతి లేదు’ అంటే సరిపోతుంది.

ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. ఒక వర్సిటీ ప్రహరీ అవతల కాలనీలో బోరు నీళ్లు వాసన వస్తున్నాయి. హాస్టళ్ల మురుగునీటి శుద్ధి కేంద్రం సరిగా పనిచేయడం లేదని కాలనీవాళ్ల అనుమానం. రసాయనశాస్త్ర విభాగం విద్యార్థులు ప్రాజెక్టు పనిగా నమూనాలు తీసుకుని పరీక్షించారు. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణం. కొన్ని బోర్లలో మించింది. అదే ప్రాంగణంలో, నడిచి వెళ్లేంత దూరంలో రేడియో స్టేషన్ ఉంది. ఆ నీళ్లు పసిపిల్లల పాలల్లో కలపొద్దని సాయంత్రం కార్యక్రమంలో చెప్పాలా వద్దా?

ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం తాగునీరు, కరెంటు వంటి పౌర సదుపాయాల సమాచారం, ఆరోగ్య హెచ్చరికలు, ప్రకృతి వైపరీత్యాల ప్రకటనలు, వాతావరణం వార్తల కిందికి రావు. చెప్పడానికి చట్టం అడ్డు కాదు. అడ్డొచ్చేది ప్రాంగణంలోని మొహమాటం. ‘ముందు ఎస్టేట్ ఆఫీసరును అడగండి’, ‘నాక్ బృందం వచ్చే టైములో ఇప్పుడెందుకు’, ‘వీసీ గారు ఊళ్లో లేరు’. ఎవరూ వద్దనరు. ఫైలు మాత్రం కదలదు. ఈలోగా ఆ నీళ్లు తాగేవాళ్లు తాగుతూనే ఉంటారు.

ఏ వర్సిటీ రేడియోకైనా అసలు పరీక్ష ఇదే: తన సొంత యజమానికి నచ్చని నిజాన్ని శ్రోతకు అవసరమైన వేళలో చెప్పగలదా? అంతరిక్షం గురించీ బ్లాక్ హోల్స్ గురించీ ఎన్ని గంటల కార్యక్రమాలు చేసినా ఈ పరీక్షకు అవి జవాబు కావు.

వర్సిటీ పెద్దలు చెప్పే అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. ఏదైనా తప్పు ప్రసారమైతే మంత్రిత్వ శాఖ నోటీసు వచ్చేది లైసెన్సుదారు పేరు మీదే. బాధ్యత మాది, అధికారం ఇంకొకరిదా అని వారు అడుగుతారు. చట్టపరమైన బాధ్యతను, రోజువారీ కార్యక్రమాల మీద అధికారాన్ని విడదీయడం మాత్రం అసాధ్యమేమీ కాదు. పరిశోధన పత్రంలో ఏం రాయాలో రిజిస్ట్రార్ చెప్పరు. పరీక్ష పేపరు దిద్దే అధ్యాపకుడికి ఎన్ని మార్కులు వేయాలో వీసీ చెప్పరు. చెప్పకూడదన్న మర్యాద వర్సిటీల్లో ఎప్పటి నుంచో ఉంది. రేడియోకు కావలసింది అలాంటిదే, కాకపోతే రాతపూర్వకంగా. కార్యక్రమాన్ని ఆపే, మార్చే, తొలగించే అధికారం స్టేషన్ బాధ్యుడికీ కార్యక్రమాల కమిటీకీ మాత్రమే ఉంటుందనీ, చట్టం ఉల్లంఘన జరుగుతుందనుకుంటే లైసెన్సుదారు కారణం రాసి మాత్రమే జోక్యం చేసుకోవాలనీ, ఆ కారణాన్ని కమిటీ ముందు పెట్టాలనీ ఒక పేజీ చాలు. ఆ పేజీ వీసీకి కూడా రక్షణే. స్థానిక నాయకుడు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడితే ‘అది నా చేతిలో లేదండీ’ అని నిజాయితీగా చెప్పగలిగే అవకాశం వీసీలకు ఎంత తరచుగా దొరుకుతుంది?

తప్పు జరిగితే ఏం చేయాలో కూడా అందులోనే ఉండాలి. పొరపాటు ఏ కార్యక్రమంలో దొర్లిందో అదే కార్యక్రమంలో, అదే వేళకు దిద్దుబాటు వినిపించాలి. ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు భద్రపరచాలని నిబంధనలు ఎలాగూ చెబుతున్నాయి. ఆ రికార్డును తనిఖీ అధికారులకే కాక, ఫిర్యాదు చేసిన శ్రోతకూ వినిపించవచ్చు. సైన్సు కార్యక్రమాల విషయంలో ఇది మరీ ముఖ్యం. మందు మోతాదు తప్పు చెప్పి, వారం తర్వాత వెబ్‌సైట్‌లో సవరణ పెడితే, విన్న మనిషికి అది చేరదు.

కమిటీలో ఆటోడ్రైవర్

సామాజిక రేడియో యాజమాన్యం, నిర్వహణ అది సేవలందించే సమాజాన్ని ప్రతిబింబించాలని 2006 విధానం చెబుతోంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలంటుంది. 2024లో సవరించిన మార్గదర్శకాలు సలహా, కార్యక్రమాల కమిటీలో సగం మంది మహిళలు ఉండాలన్నాయి. కాగితం మీద ఇంతకంటే అడగడానికి పెద్దగా లేదు.

కమిటీ సమావేశం ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందన్నదే చూడాల్సింది. బుధవారం ఉదయం పదకొండు గంటలకు పరిపాలనా భవనంలో, ఇంగ్లిషు ఎజెండాతో, ఈమెయిల్‌లో పంపిన ఆహ్వానంతో జరిగితే అందులో సగం మంది మహిళలున్నా వాళ్లు ప్రొఫెసర్లే అయి ఉంటారు. ఆశా కార్యకర్త ఆ వేళకు ఇళ్లు తిరుగుతూ ఉంటుంది. ఆటోడ్రైవర్‌కు అది బేరాల సమయం. కూలికి వెళ్లే మనిషి ఒక పూట పని మానుకుని వస్తే ఆ పూట కూలి ఎవరిస్తారు? బయటి పరీక్షకుడికి టీఏ, డీఏ లెక్కకట్టి ఇచ్చే వర్సిటీకి ఈ ప్రశ్న కొత్తగా అనిపించకూడదు. కమిటీ సాయంత్రం, తెలుగులో, వీలైతే ప్రహరీ బయట కూర్చోవాలి. తీర్మానాలను అదే వారం రేడియోలో చదివి వినిపించాలి. ఈ చివరి పనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎంతమంది చేస్తారో చూడాలి.

చెన్నైలో అన్నా ఎఫ్ఎం మొదటి నుంచి చుట్టుపక్కల బస్తీల మహిళలను కార్యక్రమాల తయారీలోకి తెచ్చింది. ఆరోగ్యం మీద డాక్టర్ ప్రసంగం రికార్డు చేసి వదలడం ఒక పద్ధతి. అదే డాక్టర్‌ను బస్తీ మహిళ తన భాషలో, తన అనుమానాలతో ప్రశ్నలడగడం మరో పద్ధతి. రెండో పద్ధతిలో డాక్టర్ తడబడే క్షణం ఒకటి వస్తుంది. శ్రోతకు సైన్సు అర్థం కావడం తరచుగా ఆ క్షణంలోనే మొదలవుతుంది. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకోమని చెప్పడం తేలిక. ‘వేసుకుంటే మలం నల్లగా పోతోంది, కడుపులో తిప్పుతోంది, అందుకే మా కోడలు పారేస్తోంది’ అని ఒకావిడ అన్నాక జవాబు చెప్పాలంటే తెలిసి ఉండాలి. ఏదో ఒక విభాగంలో ఆ తెలిసినవాళ్లు ఉండటం వర్సిటీ రేడియోకున్న వరం. పల్లె రేడియోకు వాతావరణ శాస్త్రవేత్త కావాలంటే ఊరు దాటి వెతకాలి, వర్సిటీ రేడియోకు మెట్లు దిగితే చాలు.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సామాజిక మాధ్యమాల యునెస్కో పీఠం కొన్నేళ్ల కిందట ఒక స్వయం పరిశీలన పద్ధతిని తయారు చేసింది. స్టేషన్లు తమ పనితీరును తామే అంచనా వేసుకోవడానికి, ఒక స్టేషన్‌ను మరో స్టేషన్ వాళ్లు వెళ్లి పరిశీలించడానికి అందులో కొలమానాలున్నాయి. వర్సిటీ స్టేషన్‌ను పల్లె స్టేషన్ మహిళలు పరిశీలించడానికి వస్తే ఎలా ఉంటుంది? గ్రేడింగుల కోసం లక్షలు ఖర్చుపెట్టే సంస్థలకు ఆ నివేదిక మరింత ఉపయోగపడొచ్చు.

మే నెల

విద్యార్థులతో నడిచే స్టేషన్‌కు విద్యాసంవత్సరమే క్యాలెండర్. జూలైలో సందడి, నవంబరులో పరీక్షలు, మే నెలలో సెలవులు. సెలవుల్లో చాలా క్యాంపస్ రేడియోల దగ్గర మిగిలేది పాత రికార్డింగులు, పాటలు. మూడు నెలలకు మించి ప్రసారం ఆగితే అనుమతి రద్దు చేయవచ్చని 2006 విధానం అంటుంది కాబట్టి కంప్యూటర్‌లో ప్లేలిస్టు పెట్టి తాళం వేస్తే నియమం నెగ్గుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో మే నెల ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. 2015 మేలో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయినట్టు అధికారిక లెక్కలే చెప్పాయి. వడదెబ్బ మరణాల్లో ఎక్కువ భాగం ఆపగలిగినవి. ఏ రోజు ఏ గంటల్లో బయట పని మానుకోవాలి, ఓఆర్ఎస్ ఎక్కడ దొరుకుతుంది, చెమట ఆగిపోయి మనిషి మాట తడబడుతుంటే అది అలసట కాదు, ప్రాణాపాయం అని గుర్తించడం ఎలా అన్న సమాచారం ఆ ప్రాంతానికి, ఆ రోజుకు సంబంధించి అందాలి. పదిహేను కిలోమీటర్ల రేడియో పుట్టింది సరిగ్గా ఇందుకే. అది అత్యవసరమైన నెలలోనే స్టూడియోకు తాళం పడుతుంది.

అందుకని విద్యార్థులు ఉన్నా లేకున్నా నడిపే ఇద్దరు పూర్తికాలపు ఉద్యోగులు, సెలవుల్లో కార్యక్రమాలు చేసే స్థానికుల బృందం ఉండటం విలాసం కాదు. రేడియో విద్యార్థులకు ప్రయోగశాల కావడం మంచిదే. కానీ ప్రయోగశాలలో ప్రయోగం తప్పితే మార్కులు పోతాయి, ఇక్కడ అవతల వినేవాళ్లున్నారు.

తుపానుల మాటా ఇంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడ్డప్పుడు కరెంటుతో పాటు మొబైల్ నెట్‌వర్కులు కూలిపోయాయి. యాభై వాట్ల ట్రాన్స్‌మిటర్‌ను పెద్ద ఇన్వర్టరు, కాసిని బ్యాటరీలు పెట్టి గంటల కొద్దీ నడపవచ్చు. అయితే ఆ బ్యాటరీలు ఎవరు చార్జి చేసి ఉంచాలి, తుపాను రాత్రి స్టూడియో తాళం ఎవరి దగ్గర ఉంటుంది, జిల్లా విపత్తు విభాగంతో ఎవరు మాట్లాడాలి అన్నవి సెప్టెంబరులోనే రాసి పెట్టుకోవాలి.

వినేవాళ్లు ఎక్కడున్నారు, అందరి చేతిలో ఫోన్లే కదా అనేవాళ్లకు చిన్న సమాధానం ఉంది. చాలా ఫోన్ల చిప్‌లో ఎఫ్ఎం రిసీవర్ ఉంటుంది, కంపెనీలే దాన్ని మూసి ఉంచుతాయి. తెరిచి ఉంచాలని కేంద్రం 2023 ఏప్రిల్‌లో సలహా జారీ చేసింది. ఫోన్‌లో రేడియో వినాలంటే హెడ్‌ఫోన్ తీగ పెట్టమనేది ఎందుకంటే ఆ తీగే యాంటెన్నా. 90.4 మెగాహెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు 83 సెంటీమీటర్లు, ఇయర్‌ఫోన్ వైరు పొడవు దానికి దగ్గరగానే ఉంటుంది. తీగలేని ఇయర్‌బడ్స్ వచ్చి ఈ ముచ్చటను చెడగొట్టాయి. అయినా డేటా ప్యాక్ అయిపోయిన ఫోన్‌లోనూ, టవర్ పడిపోయిన రోజునా పనిచేసేది ఎఫ్ఎం ఒక్కటే.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే డబ్బే తక్కువ. 2024 మార్గదర్శకాలు ప్రకటనల సమయాన్ని గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెంచాయి. ప్రకటన రేటు పది సెకన్లకు 52 రూపాయల నుంచి 74 రూపాయలకు పెరిగింది. పన్నెండు నిమిషాలూ నిండితే గంటకు 5,328 రూపాయలు. అన్ని గంటలూ నిండే స్టేషన్ ఎక్కడా ఉండదు. కాబట్టి వర్సిటీ గ్రాంటు తప్పదు. ఆ గ్రాంటు రేడియో పేరు మీద ప్రత్యేక ఖాతాలో, ఏడాది మొదట్లోనే, మొత్తం ఇంత అని తేల్చి ఇవ్వాలి. ప్రతి మైకు కేబుల్‌కూ ఫైలు కదిలించే పద్ధతిలో, ఏదో ఒక కార్యక్రమం నచ్చని రోజున కేబుల్ ఫైలు ఆగిపోతుంది. నేరుగా ఎవరూ సెన్సార్ చేయనక్కర్లేదు. 2012లో కేంద్రం స్పెక్ట్రమ్ రుసుమును ఏడాదికి 19,700 రూపాయల నుంచి 91,000కు పెంచినప్పుడు స్టేషన్లన్నీ కలిసి నిరసన తెలిపితే అది వెనక్కి వెళ్లింది. ప్రాంగణం లోపల బిగిసే పిడికిలి మీద అలాంటి నిరసన ఉండదు, ఎందుకంటే అది బయటికి కనిపించదు. అమెరికాలో 2025 జూలైలో కాంగ్రెస్ పబ్లిక్ ప్రసార సంస్థలకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకున్నాక వర్సిటీ స్టేషన్లు ఎంత ఇరకాటంలో పడ్డాయో చూస్తే, ఒకే జేబు మీద ఆధారపడటం ఎలాంటిదో తెలుస్తుంది.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల దగ్గర సమస్య మరోలా ఉంటుంది. అక్కడ డబ్బు ఉంటుంది, స్టూడియో మెరుస్తుంటుంది, ప్రసారంలో మాత్రం ప్లేస్‌మెంట్లు, చైర్మన్ సందేశాలు, అడ్మిషన్ల ప్రచారం వినిపిస్తాయి. అడ్మిషన్ల సమాచారం చెప్పడం నిబంధనలకు విరుద్ధం కాదు. కానీ ప్రజల తరంగాన్ని ఒక సంస్థ కరపత్రంగా వాడుకుంటే ఆ పదిహేను కిలోమీటర్లలో ఆ పౌనఃపున్యం వేరెవరికీ దక్కకుండా పోయినట్టే. సొంత సంస్థ గురించిన మాటలకు వారానికి ఇన్ని నిమిషాలని పరిమితి పెట్టుకుని, దాన్ని ప్రకటనల లెక్కలోనే చూపాలి.

చివరగా, వదిలించుకునే వేళ. అమెరికాలోని హ్యూస్టన్‌లో రైస్ విశ్వవిద్యాలయం 2010లో తన విద్యార్థులు దశాబ్దాలుగా నడిపిన ఎఫ్ఎం స్టేషన్‌ను మరో విశ్వవిద్యాలయానికి 95 లక్షల డాలర్లకు అమ్మేందుకు సిద్ధపడింది. విద్యార్థులకు ఆ సంగతి ముందుగా చెప్పలేదు. నిరసనలు జరిగాయి, అయినా మరుసటి ఏడాది నియంత్రణ సంస్థ ఒప్పుకుంది. ఆ విద్యార్థులు మళ్లీ గాలిలోకి రావడానికి 2015 దాకా పట్టింది, అదీ బాగా తక్కువ శక్తి ఉన్న స్టేషన్‌తో. మన దగ్గర సామాజిక రేడియో అనుమతిని అమ్ముకోవడం కుదరదు. ఇక్కడ స్టేషన్లు వేరేలా పోతాయి: డైరెక్టర్ రిటైరవుతారు, పోస్టు నింపరు, ట్రాన్స్‌మిటర్ పాడవుతుంది, టెండర్ పిలవరు, ఒకరోజు ఆ నంబరు మీద ఇసుక జల్లెడ పట్టినట్టు శబ్దం తప్ప ఏమీ ఉండదు. విన్నవాళ్లకు ఎందుకన్నది ఎవరూ చెప్పరు. మూసేముందు కనీసం ఆరు నెలలు రేడియోలోనే ప్రకటించడం, స్థానికుల మాట వినడం, నడపగల మరో సంస్థ అక్కడ ఉంటే పరికరాలు అప్పగించి దాని దరఖాస్తుకు తోడ్పడటం అన్నవి లైసెన్సుదారు విధుల్లో చేరాలి.

2024 నిబంధనల ప్రకారం అనుమతి ఇప్పుడు పదేళ్లకు ఇస్తున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో వీసీ పదవీకాలం మూడేళ్లు. ఒక్క అనుమతి కాలంలో కనీసం ముగ్గురు వీసీలు మారతారు, విద్యార్థుల బ్యాచ్‌లు అంతకంటే ఎక్కువే వెళ్లిపోతాయి. పదేళ్లూ అక్కడే ఉండేది ప్రహరీ అవతలి కాలనీ. ఈ ఏడాది సంతకాలు పెడుతున్న వర్సిటీలకు కొత్త చట్టం కోసం ఎదురుచూసే పని లేదు. పాలక మండలి తదుపరి సమావేశం ఎజెండాలో ఒక అంశంగా, తెలుగులో రాసిన రెండు మూడు పేజీల రేడియో నియమావళిని పెట్టి ఆమోదిస్తే చాలు. ఆమోదించిన రోజు సాయంత్రమే దాన్ని రేడియోలో చదవవచ్చు.